షన్విక అంటే అసలు అర్థం ఉందా? బారసాల ఇంకో ఎనిమిది రోజుల్లో

మద్దిలపాలెం_అమ్మ:

అందరికీ నమస్తే. మాకు పదమూడు రోజుల క్రితం పాప పుట్టింది, ఇరవై ఒకటో రోజున బారసాల పెట్టుకున్నాం. హస్త నక్షత్రం రెండో పాదం, 'ష' అక్షరం వచ్చిందని పంతులుగారు చెప్పారు. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో అందరి ఫోన్లలోనూ పేర్ల సైట్లే. మా ఆడపడుచు షన్విక అని పంపింది, మా ఆయనకి చూడగానే నచ్చేసింది. నాకూ పిలవడానికి బాగుందనే అనిపించింది. కానీ అర్థం చూద్దామని వెతికితే ఒక సైట్‌లో లక్ష్మీదేవి అని ఉంది, ఇంకోదాంట్లో పార్వతి అని, మూడోదాంట్లో వెలుగు అని. ఒకే మాటకి ఇన్ని అర్థాలు ఎలా వస్తాయి? ఎవరు రాస్తారు ఇవన్నీ?

ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్‌లోనే తన్విక, హన్విక, ధన్విక, రిత్విక ఉన్నారు. సాయంత్రం కింద ఆడుకుంటున్నప్పుడు పై నుంచి ఎవరో ఒకరిని పిలిస్తే ఇద్దరు తలెత్తి చూస్తారు. ఎవరికీ లేని పేరు కావాలనే కదా అందరూ వెతికేది, మరి అన్నీ ఒకేలా ఎందుకు ఉంటున్నాయి?

మా ఆయన వాళ్ళ నాన్నమ్మ పెందుర్తి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు, ఎనభై దాటాయి. "ఏటమ్మా ఆ పేరు, నోరు తిరగట్లేదు. సింహాచలం అప్పన్న పేరు ఎక్కడో ఓ చోట కలపండి" అని రోజుకి నాలుగుసార్లు అంటున్నారు. మావయ్యగారు అప్పలరాజు, ఆయన అన్నగారు సింహాచలం, వాళ్ళింట్లో అప్పన్న లేని పేరే లేదు. ఆవిడని బాధపెట్టడం నాకిష్టం లేదు, అలాగని రేపు స్కూల్లో పిల్ల ఇబ్బంది పడకూడదు కదా అని టెన్షన్. అర్థం లేని పేరు పెడితే తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


భీమిలి_మాస్టారు:

అమ్మా, ముందు పాపకి ఆశీస్సులు. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పాను, రోజూ హాజరు పిలిచే పని కాబట్టి పేర్లు మారడం నా చెవులతో విన్నాను. చేరిన కొత్తలో అప్పారావులు, నూకరాజులు, సత్యవతులు. తర్వాత రమేష్, సురేష్, రాజేష్, అనిత, సునీత, కవిత. ఆ తర్వాత దివ్యలు, భవ్యలు. రిటైరయ్యే నాటికి మీరు చెప్పిన ఈ 'విక'లు వచ్చేశాయి. ప్రతి తరం పేర్లకీ చివర ఒక తోక ఉంటుంది. జనానికి నచ్చేది ఆ తోక, అది కదలదు, ముందు అక్షరం మారుతూ ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ పిల్లలందరి పేర్లూ ఒకేలా వినపడటానికి కారణం ఇదే. ఎవరికి వారు కొత్త పేరే వెతుకుతారు, కానీ చెవికి అలవాటైన చప్పుడులోనే వెతుకుతారు.

షన్విక అనే మాట నిఘంటువుల్లో లేదు. మీరే చూసుకోవచ్చు, ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, 1885 నాటి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం కూడా దొరుకుతుంది. తన్వి ఉంది, సన్నని దేహం గల స్త్రీ అని. అన్విత ఉంది, కూడినది అని. ధన్వి ఉంది, విల్లు పట్టినవాడు అని. ఈ మాటల చప్పుడు బాగుంది కాబట్టి మొదటి అక్షరం మార్చి, చివర 'క' తగిలించి కొత్తవి పుట్టించారు. రిత్విక ఇంకా విచిత్రం. ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించేవాడు, ఋతువుని బట్టి యజించేవాడు అని. ఆ మాట మూలం ఋత్విజ్, అందులో 'ఇక్' అనే ప్రత్యయమేదీ లేదు. దాన్ని మౌళిక్, కార్తీక్ లాంటి మాటే అనుకుని ఆడపిల్లకి చివర 'అ' చేర్చి పిలుస్తున్నారు.

నాకు మనసుకి కష్టంగా ఉండేది అర్థం లేకపోవడం కాదమ్మా, లేని అర్థాన్ని అతికించడం. ఆరవ్ అనే పేరుకి చాలాచోట్ల ప్రశాంతత అని రాసి ఉంటుంది. సంస్కృతంలో ఆరవం అంటే చప్పుడు, అరుపు. కలరవం, రవం అన్న మాటలు మనందరికీ తెలుసు, అయినా ఎవరూ ఒక్క క్షణం ఆగి ఆలోచించరు. ఒక సైట్ రాసింది ఇంకోటి ఎత్తి రాస్తుంది, పది చోట్ల కనపడితే నిజమే అనుకుంటాం. దేవుళ్ళ పేర్లు చెప్తే తల్లిదండ్రులు ప్రశ్నించరు కాబట్టి తెలియని ప్రతి పేరుకీ లక్ష్మి, పార్వతి, విష్ణువు అని రాసేస్తారు.

శ్రేయాన్ష్ తీసుకోండి. జైనుల్లో పదకొండో తీర్థంకరుడు శ్రేయాంసనాథుడు. శ్రేయస్సు నుంచి వచ్చిన మాట, చివరిది 'స'. దాన్ని ఇంగ్లీషులో రాసేటప్పటికి అంశ అనుకున్నారు, ఇక అక్కడి నుంచి రియాన్ష్, కియాన్ష్, అయాన్ష్ అని ముందు ఏది ఉన్నా వెనక అన్ష్ వచ్చి చేరింది. గమనించండి, అంశకి తెలుగులో సున్నా రాస్తాం. ఇప్పుడు పిల్లల పుస్తకాల మీద 'అన్ష్' అని నకారపొల్లు కనిపిస్తోంది. ఋత్విక్ కాస్తా రిత్విక్ అయింది. అంటే ఈ పేర్లు ముందు ఇంగ్లీషు అక్షరాల్లో పుట్టి, తర్వాత తెలుగులోకి దిగుతున్నాయి. నాకు తెలిసి మన దగ్గర పేర్ల విషయంలో ఇదివరకు ఎప్పుడూ ఇలా జరగలేదు.

ఇక మీ 'ష' గురించి. ఇరవై ఏడు నక్షత్రాలకి నాలుగేసి పాదాలు, మొత్తం నూట ఎనిమిది అక్షరాలు. ఆ పట్టికలో అక్షరాలు ఉన్నాయి గానీ ప్రతి అక్షరంతో మాటలు లేవు. హస్తకే చూడండి, పూ, ష, ణ, ఠ. ణ తో మొదలయ్యే మాట ఎక్కడ దొరుకుతుంది? ఆర్ద్రలో ఙ ఉంది, దానితో ఎవరు పేరు పెట్టగలరు? పట్టిక అక్షరం ఇస్తుంది, భాష మాట ఇవ్వదు, ఆ ఖాళీలోకి ఈ కొత్త పేర్లు వస్తున్నాయి. ష తో సంస్కృతంలో ఉన్న కొద్ది మాటలూ చాలావరకు ఆరుకి సంబంధించినవే. షట్పదం అంటే తుమ్మెద, ఆరు కాళ్ళది. షడ్జం సప్తస్వరాల్లో మొదటిది. షణ్ముఖుడు, షష్ఠి. పాపకి కావాలంటే షోడశి ఉంది, దశమహావిద్యల్లో ఒకరు, త్రిపురసుందరీదేవి పదహారేళ్ళ రూపం. షణ్ముఖప్రియ రాగం పేరు కూడా బాగుంటుంది. వెతికితే నిజమైన మాటలు ఉన్నాయమ్మా, తక్కువ ఉన్నాయంతే.


గాజువాక_టు_డాలస్:

మాస్టారు చెప్పింది కరెక్టే, కానీ రెండో వైపు నేను చెప్తాను. నా పేరు వెంకట అప్పల సత్యనారాయణ. ఇక్కడికి వచ్చాక ఫస్ట్ నేమ్ గడిలో మొదటి ముక్కే పడింది, పదేళ్ళుగా ఆఫీసులో అందరికీ నేను వెంకటనే. మా ఇంట్లో నన్ను ఎవరూ ఏనాడూ అలా పిలవలేదు. ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా ఇప్పుడు పేరు పెట్టేటప్పుడు ఇదంతా ఆలోచిస్తున్నారు, పిల్ల ఎక్కడికి వెళ్ళినా నోరు తిరగాలి, రెండు మూడు అక్షరాల్లో అయిపోవాలి అని. రియాన్ అంటే అమెరికావాడు తన ర్యాన్ అనుకుంటాడు, కియాన్ అంటే ఐరిష్ వాళ్ళకి వాళ్ళ పేరే, కియారా ఇటలీలో ఎప్పటి నుంచో ఉంది, వెలుగు, స్పష్టత అని అర్థం. రెండు చోట్లా సొంతంలా వినపడే పేరు కావాలనుకోవడంలో నాకు తప్పు కనపడదు.

పేర్లు పుట్టించడం మన దగ్గరే మొదలైంది కాదు కూడా. వనెస్సా అనే పేరు ఇప్పుడు ఎంత మామూలు పేరో కదా, అది 18వ శతాబ్దంలో జోనాథన్ స్విఫ్ట్ తన స్నేహితురాలి ఇంటిపేరులో మొదటి ముక్కనీ, ఎస్తర్ అనే ఆమె పేరునీ కలిపి అల్లింది. అంతకుముందు ఆ పేరు లేదు. ఇక్కడ నెవేయా అని ఆడపిల్లలు ఉంటారు, స్వర్గం అనే అర్థం వచ్చే హెవెన్ అన్న ఇంగ్లీషు మాటని వెనక నుంచి రాస్తే వచ్చే పేరు. ఒక సంగీతకారుడు 2000లో టీవీలో తన కూతురి పేరని చెప్తే, మరుసటి ఏడాదికే అమెరికాలో ఎక్కువగా పెట్టే మొదటి 1000 పేర్లలోకి వచ్చింది, 2010 నాటికి మొదటి 30లోకి చేరింది.

స్టాన్లీ లీబర్సన్ అనే సోషియాలజిస్టు 1990లలో ఒక పరిశోధన చేశారు. నల్లజాతి అమెరికన్లు తమ పిల్లలకి కొత్తగా అల్లిన పేర్లు తీసుకుని, అవి ఎప్పుడూ వినని మనుషులకి ఇచ్చి, ఇది ఆడపిల్లా మగపిల్లాడా చెప్పమన్నారు. చాలావరకు సరిగ్గానే చెప్పగలిగారు. అంటే అల్లిన పేరు కూడా గాల్లోంచి రాదు, భాషలో ఉన్న లెక్క ప్రకారమే వస్తుంది. మనకీ అంతే కదా, హన్విక అనగానే ఆడపిల్ల అని, రియాన్ష్ అనగానే మగపిల్లాడని అర్థం తెలియకుండానే తెలిసిపోతుంది. ఇది అందంగానే అనిపిస్తుంది నాకు.


నాగావళి_ఒడ్డున:

నేను శ్రీకాకుళం నుంచి వచ్చి కంచరపాలెంలో ఉంటున్నాను. కొత్త పేర్లు కల్పితాలు, పాత పేర్లు అసలువి అన్నట్టు మాట్లాడటం చూస్తే నాకొకటి చెప్పాలనిపించింది. మా తాత పేరు తవిటినాయుడు. ఆయనకంటే ముందు పుట్టిన ముగ్గురు పిల్లలు ఏడాది తిరక్కుండానే పోయారు. ఈయన పుట్టగానే పొరుగింటావిడ చేతిలో పెట్టి, మళ్ళీ ఆవిడకి చేటలో తవుడు పోసి కొనుక్కున్నారు. ఈ బిడ్డ మా బిడ్డ కాదు, తవుడికి కొనుక్కున్న బిడ్డ, కాబట్టి వీణ్ణి తీసుకెళ్ళకు అని చావుకి చెప్పడం అది. తాత తొంభై దాకా బతికారు. పెంటయ్య, పెంటమ్మ కూడా అలాంటి పేర్లే, పుట్టిన బిడ్డని ఒక్క క్షణం పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసేవారు. ఆ పేర్లు ఏ నిఘంటువులోంచీ రాలేదు, ఆ ఇంటి భయంలోంచి వచ్చాయి.

చదువుకునే రోజుల్లో తాత పేరు ఎవరైనా అడిగితే నేను టి. నాయుడు అని చెప్పేదాన్ని. కథ తెలిసింది ఆయన పోయాక, మా అత్త చెప్తే. ఇప్పుడు గుర్తొస్తే ఏడుపొస్తుంది.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని ఎవరూ పైకి అనరు. మన ఉత్తరాంధ్రలో పాత పేరు వింటే మనిషి సంగతి చాలా తెలిసిపోయేది. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి, నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ, కనకమహాలక్ష్మి అంటే బురుజుపేట అమ్మవారు, సూరమ్మ అంటే అరసవల్లి. అంతవరకు బాగుంది. కానీ పేరుతో పాటు కులం కూడా తెలిసిపోయేది, ఏ వీధిలో ఉంటారో తెలిసిపోయేది, అవతలివాళ్ళు మనల్ని ఏమని పిలవాలో, ఎక్కడ కూర్చోమనాలో అక్కడే తేలిపోయేది. షన్విక అన్న పేరు ఇవేవీ చెప్పదు. చాలామంది తల్లిదండ్రులకి ఆ పేర్లు ఎందుకు నచ్చుతున్నాయో అడిగితే సౌండ్ బాగుంది అంటారు గానీ, పిల్ల మీద ముందే ఏ ముద్రా లేకుండా ఉండాలనే కోరిక కూడా అందులో ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యొద్దు.


ఎంవీపీ_అమ్మ:

ప్రాక్టికల్‌గా నాకు తెలిసింది చెప్తా. మేము ఆరేళ్ళ క్రితం నా పేరులో మొదటి అక్షరం, మా ఆయన పేరులో చివరి రెండక్షరాలు కలిపి విరజ్ అని పెట్టుకున్నాం, కొత్త పేరు కనిపెట్టామనే అనుకున్నాం. తర్వాత అన్నప్రాసనకి వచ్చిన పెద్దాయన ఒకరు విరజ అంటే ధూళి అంటనిది, స్వచ్ఛమైనది అని చెప్పారు, వైకుంఠం దగ్గర విరజానది కూడా ఉందట. చాలా సంతోషమేసింది. అయితే ఆయన చెప్పకపోయినా మాకు ఆ పేరులో మేమిద్దరం ఉన్నాం కదా, ఆ అర్థం చాలు అనుకునేవాళ్ళం.

కష్టం వచ్చింది స్పెల్లింగ్ దగ్గర. న్యూమరాలజీ చూసే ఆయన ఒకరు ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ పెట్టమన్నారు, బర్త్ సర్టిఫికెట్‌లో అలా రాయించాం. ఆధార్‌కి వెళ్ళినప్పుడు అక్కడ టైప్ చేసినతను మామూలుగా కొట్టేశాడు, మేము చూసుకోలేదు. రెండూ కలవక స్కూల్ అడ్మిషన్ అప్పుడు నెలన్నర తిరిగాం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ, చోటు రుజువు చేయాలంటే బర్త్ సర్టిఫికెటే, స్కూలుకైనా పాస్‌పోర్టుకైనా. కాబట్టి అందులో ఏం రాయిస్తారో అదే జీవితాంతం. కంగారు పడి ఈ వారంలోనే ఏదో ఒకటి ఫిక్స్ చేయక్కర్లేదు. 21 రోజుల్లోపు జననం నమోదైతే చాలు, పేరు గడి ఖాళీగా ఉంచొచ్చు, నమోదైన ఏడాది లోపు పేరు చేర్పించుకుంటే ఫీజు ఉండదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ వరకు లేట్ ఫీజు కట్టి చేర్పించుకోవచ్చు.


సముద్రం_వైపు_కిటికీ:

చిన్న మాట. మా ఇంట్లో ఇద్దరు పాపల పేర్లూ లలితా సహస్రనామంలోంచే తీసుకున్నాం. రామ్‌చరణ్ దంపతులు 2023లో పాపకి క్లీంకార అని పెట్టినప్పుడు చాలామంది కొత్త పేరు అనుకున్నారు, కానీ రోజూ పారాయణ చేసేవాళ్ళకి "క్లీంకారీ కేవలా గుహ్యా" అన్న చోటు తెలుసు. ష తో అందులో షడంగదేవతాయుక్తా, షాడ్గుణ్యపరిపూరితా వస్తాయి, పిలవడానికి పెద్దవే. కానీ ఆ వెంటనే "నిత్యక్లిన్నా నిరుపమా" అని ఉంటుంది. నిరుపమ అంటే పోల్చడానికి ఇంకొకరు లేనిది. ఎవరికీ లేని పేరు కావాలనుకునేవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? అక్షరం గురించి పట్టింపు ఉంటే ష తో ఒక నక్షత్రనామం బారసాల రోజు చెవిలో చెప్పి, వ్యవహారానికి వేరే పేరు పెట్టుకోవచ్చు. మా పెద్దదానికి అలాగే చేశాం.


మద్దిలపాలెం_అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. నేను ఇంత లోతుగా ఎవరైనా రాస్తారని అనుకోలేదు. నాగావళి గారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

రాత్రి నాన్నమ్మగారి దగ్గర కూర్చుని అప్పన్న పేరు ఎందుకు అంత పట్టుదల అని అడిగాను. ఇన్నాళ్ళూ భక్తి అనే అనుకున్నాం, ఎవరం అడగలేదు. మావయ్యగారు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు పదకొండు రోజులు జ్వరం తగ్గలేదట, పాలు పట్టడం మానేశాడట. ఈవిడ ఒక్కతే సింహాచలం మెట్లు ఎక్కి, బిడ్డ దక్కితే నీ పేరు మా ఇంట్లో పోనివ్వను అని మొక్కుకుందట. "నానిచ్చిన మాట అది, మీరు ఇచ్చింది కాదు. అందుకే గట్టిగా అడగలేకపోతన్నాను" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు.

పొద్దున్న మా ఆయనే అన్నారు, సింహాద్రి షోడశి అని రాయిద్దాం, పిలవడానికి షోడశి అని. మా ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్తే మొదట కొంచెం బాధపడింది, తను వారం రోజులు వెతికింది కదా. తర్వాత మాస్టారు రాసింది పంపితే చదివి, ముద్దుపేరు షానూ అని తనే పెట్టింది. నాన్నమ్మగారికి షోడశి నోరు తిరగడానికి కొంచెం టైమ్ పడుతుంది, ప్రస్తుతానికి సోడసి అంటున్నారు, సింహాద్రి మాత్రం స్పష్టంగా అంటున్నారు.

ఒక డౌట్ మిగిలింది మాస్టారూ. ఇంగ్లీషులో రాస్తే రెండు చోట్లా ఒకటే కదా, తెలుగులో మొదటిది ఏ ష, చివరిది ఏ శ? మా ఇంట్లో తలో రకంగా చెప్తున్నారు.


భీమిలి_మాస్టారు:

మొదటిది షడ్జంలో ష, అదే మీకు పాదానికి వచ్చిన అక్షరం. చివరిది శంఖంలో శ. షట్, దశ రెండూ కలిసి షోడశ అయింది, ఆ దశలో ఉన్న శకారమే ఇది. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేటప్పుడు చెయ్యి తడబడుతుంది, గింజలు కదిలిపోతాయి. మీ ఆయన చేత ముందు రోజే కాగితం మీద నాలుగుసార్లు రాయించండి. సర్టిఫికెట్‌కి ఇచ్చే దరఖాస్తులో తెలుగు గడి ఉంటే దాన్ని ఎవరికీ వదలకండి, మీ చేత్తో మీరే నింపండి.